బూర బయటికి ఎట్లా వచ్చింది

కదలొద్దని చెప్పిన మరుక్షణం నుంచే కెల్విన్‌కి ముక్కు దురద పెట్టడం మొదలైంది. ఎడమ పక్క, సరిగ్గా ఈగ వాలే చోట. తల ఫొటో తీసే మిషను గొట్టం అతన్ని నడుముదాకా మింగేసింది. కళ్ళకి జానెడు పైన తెల్లటి కప్పు, తల చుట్టూ పంజరం, చేతులు పక్కటెముకలకి ఆనించి, కుడి గుప్పిట్లో ఒక రబ్బరు బుడ్డి, మరీ గాభరా పుడితే నొక్కమని. తొలి ఈత ఈనిన ఆవుని మొదటిసారి పితకడానికి తోలుకొచ్చినప్పుడు మెడ బిగించే ఇనప చట్రం ఇట్లాగే ఉంటుంది. తన జన్మలో ఎన్ని వందల మెడలు బిగించి ఉంటాడో, ముక్కు దురద పెడుతోందా తల్లీ అని ఒక్కదాన్నీ అడిగిన పాపాన పోలేదు. పైగా తన్నిందని తిట్టాడు. ఇప్పుడు ఆ ఆవులన్నీ వరసగా వచ్చి గొట్టం మూతి దగ్గర నిలబడి, తీరిగ్గా నెమరేస్తూ, ఎట్లా ఉందిరా కెల్విన్ అని లోపలికి తొంగి చూస్తున్నట్టుంది. కళ్ళ పైన చిన్న అద్దం, అందులో తన పాదాలు, ఎంతో దూరాన, ఇంకెవరివో పాదాల్లా. ఒక మేజోడు గోధుమరంగు, ఇంకోటి నల్లది. బూట్లు విప్పమంటారు, చూసి వేసుకో అని భార్య నోలీన్ పొద్దున చెప్పనే చెప్పింది. తలకాయ చూసేవాళ్ళు బూట్లెందుకు విప్పమంటారని తను వాదించాడు. విప్పమన్నారు.

"కెల్విన్ గారూ, వినబడుతోందా?" మిషను నడిపే అమ్మాయి, పేరు రెనాటా, అద్దాల గదిలోంచి అడిగింది. "చెవులకి పెట్టినవాటిలో పాటలేమైనా వెయ్యమంటారా? అన్ని రకాలూ ఉన్నాయి."

"వద్దమ్మా. ఉంది."

"ఏముంది?"

"అంటే... వద్దు. ఏమీ వద్దు."

మాట తప్పించాడు గానీ కొంచెంలో బయటపడిపోయేవాడు. ఉంది మరి, కుడి చెవిలో, ఎవర్నీ అడక్కుండా ఈ గొట్టంలోకి కూడా వెంటబడి వచ్చేసింది, సీసా మూతల కర్ర ఝల్లుఝల్లుమంటూ, వంపుల రంపం ఊఁయ్ ఊఁయ్‌మని ఏడుస్తూ, వాంబట్ మావ మింగేశాడు వంకర తిరిగిన బూర, దగ్గితే పోం, తుమ్మితే పోం, నవ్వితే పోం పోం పోం, పడుకుంటే పోం, లేస్తే పోం, ఊరికి నిద్దర లేదు, ఆ బూర బయటికి ఎట్లా వచ్చిందంటే... అంటే అని గొంతు పైకెత్తుతుంది, గాలి పీల్చుకుంటుంది, అక్కడ ఆగుతుంది. ఆగి, గిర్రున తిరిగి మళ్ళీ వాంబట్ మావ దగ్గరికి వస్తుంది. తిండి దగ్గరా అదే, పక్క మీదా అదే, ఊళ్ళో ఒకాయన చనిపోతే చర్చిలో అందరూ తల వంచుకుని నిలబడ్డప్పుడూ అదే, పోం పోం పోం. రెండు నెలలుగా వాంబట్ మావ కడుపులో బూర అట్లాగే ఉండిపోయింది. అది బయటికి వస్తే గానీ పాట తన చెవిని వదలదని కెల్విన్‌కి ఎందుకో గట్టి నమ్మకం.

మిషను మొదలైంది. టక్, టక్, టక్, ఎవరో తగరపు రేకు మీద వేలి కణుపుతో కొడుతున్నట్టు, తర్వాత గుర్రుమని ఒక పెద్ద మోత, ఉలిక్కిపడబోయి పంజరం గుర్తొచ్చి ఆగాడు. పాట ఆ మోతకి బెదరలేదు, ఇంకాస్త గొంతు పెంచింది. మొదటిసారి విన్నప్పుడు రేడియో అనుకున్నాడు. మంద అమ్మేసిన వారం అది. లారీలు వచ్చి ఆవుల్ని ఎక్కించుకుపోయాయి, కొన్నవాడు మర్నాడు మళ్ళీ వచ్చి పితుకుడు మిషను పంపుని కూడా మరలు విప్పి తీసుకుపోయాడు, అది నిలబడ్డ చోట గచ్చు మీద నాలుగు కన్నాలూ నూనె మరకా మిగిలాయి. సాయంత్రం పితికే వేళ కాగానే కాళ్ళు వాటంతటవే కొట్టంలోకి తీసుకుపోయేవి. పేడ లేని గచ్చుని నీళ్ళ గొట్టంతో కడిగేవాడు, కడిగి నిలబడేవాడు. అట్లా నిలబడ్డప్పుడే, ఝల్లుఝల్లు. వెళ్ళి రేడియో తీగ పీకాడు. ఆగలేదు. ఫ్రిజ్ తీగ పీకాడు, కరెంటు కంచె ఆపాడు, చివరికి కంచెకి అవతలున్న పొరుగువాడు పాటలు పెట్టుకుని ట్రాక్టరు తోలుతున్నాడేమోనని వెళ్ళి చూస్తే ఆ మనిషి చెట్టు కింద టోపీ మొహాన వేసుకుని నిద్రపోతున్నాడు. కుక్క కూడా వెంట తిరిగి తిరిగి, నీకేం పోయింది ఏం వెతుకుతున్నావు అన్నట్టు చూసి, పోయి పడుకుంది. కుక్క చెవులు నిక్కలేదు. అప్పుడు తెలిసింది ఇది బయటిది కాదని, అప్పుడే మొదలైంది భయం. పెర్సీ తాత గుర్తొచ్చాడు, నాన్నకి పినతండ్రి, నీళ్ళ ట్యాంకులోంచి బిషప్పుగారు ప్రసంగం చేస్తున్నారని చెప్పి ట్యాంకు ముందు టోపీ తీసి నిలబడేవాడు. ఒకరోజు పిచ్చాసుపత్రి బండి వచ్చి ఆయన్ని తీసుకుపోయింది, తర్వాత ఇంట్లో ఆయన మాటెత్తితే అమ్మ చారు గరిటె బల్ల మీద గట్టిగా పెట్టేది. పెర్సీ తాతకి కనీసం బిషప్పుగారు వచ్చారు, తనకి వచ్చింది వాంబట్ మావ. కంచెల కింద బొరియలు తవ్వే ఆ మొద్దు జంతువు, అదీ గోనెసంచీతో కుట్టిన టీవీ బొమ్మ, ఒంటికన్నుది.

అందుకని డాక్టరుతో పాట సంగతి ఎత్తలేదు. చెవిలో మోత అన్నాడు. "ఎట్లాంటి మోత, ఈలలాగానా, గుయ్యిమనా?" అని అడిగాడు డాక్టరు. కెల్విన్ చాలాసేపు ఆలోచించి, "బూరలాగా" అన్నాడు. డాక్టరు కళ్ళజోడు తీసి చూశాడు. "చిన్న బూర" అని సర్దాడు కెల్విన్. ఒక్క చెవిలోనే వస్తోంది కాబట్టి లోపల కంతి ఏదైనా ఉందేమో చూడాలి, పట్నం వెళ్ళి తల ఫొటో తీయించుకోండి అని ఆయన రాసిచ్చాడు. నోలీన్‌తోనూ మోత అనే చెప్పాడు. దారంతా బండి తోలుతూ ఆమె, ఇంతా చేసి తలకాయలో ఏమీ లేదంటారు చూడు, ఆ సంగతి నన్నడిగితే పెట్రోలు ఖర్చు లేకుండా చెప్పేదాన్ని అంది. నవ్వించాలని అంది. అన్నాక స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"బాగా చేస్తున్నారు కెల్విన్ గారూ. తర్వాతది కాస్త పెద్దది. మింగకుండా ఉండగలిగితే మంచిది."

మింగొద్దు అనగానే నోట్లో ఊట ఊరింది. చిన్నప్పుడు టీవీలో అంకుల్ బేసిల్ కూడా ఇట్లాగే అనేవాడు, పిల్లలూ ఇప్పుడెవరూ నవ్వకూడదు, అని, అనగానే ఇంట్లో నేల మీద బోర్లా పడుకున్న తనూ అక్క హీథరూ పగలబడి నవ్వేవాళ్ళు. తగరపు షెడ్డు అని ఆ కార్యక్రమం పేరు. బడి నుంచి వచ్చి జామ్ పూసిన రొట్టె తింటూ చూసేవాళ్ళు. పేరుకే తగరం, కట్టింది చెక్కతో, గోడకి వేలాడే రంపాలు, పలుగులు, గరాటాలు, అన్నీ వాయిద్యాలే, అంకుల్ బేసిల్ కోటు జేబుల్లోంచి కూడా ఏదో ఒకటి మోగేది. రంగులు లేవు, అయినా ఆయన టై ఎర్రదని తనూ పచ్చదని హీథరూ కొట్టుకునేవాళ్ళు. టీవీ కంపెనీవాళ్ళు తక్కువ ఖర్చులో తేల్చారని ఇప్పుడు అర్థమవుతుంది, గోడ కొంచెం గట్టిగా ఆనుకుంటే ఊగేది. అప్పుడు మాత్రం ఊరందరి షెడ్లూ అట్లా ఎందుకు మోగవని బాధగా ఉండేది. నాన్న తాగేసిన బీరు సీసాల మూతలన్నీ ఏరి, చీపురుకర్రకి వదులుగా మేకులు కొట్టి తను కూడా మూతల కర్ర చేసుకున్నాడు, చీపురు ఏదని అమ్మ వారమంతా వెతికింది. రోజూ కార్యక్రమం చివర ఒక పాట, అన్నిటిలోకీ ఎక్కువసార్లు వచ్చింది వాంబట్ మావ పాటే, ఉత్తరాలు రాసి మరీ అడిగేవాళ్ళట పిల్లలు. ఆ బూర బయటికి ఎట్లా వచ్చిందంటే అని అంకుల్ బేసిల్ వేలు పైకెత్తేవాడు, కళ్ళు పెద్దవి చేసేవాడు, గోనెసంచీ వాంబట్ నోరు తెరిచేది, సరిగ్గా అప్పుడు కొట్టంలో నాన్న పితుకుడు మిషను పంపు వేసేవాడు. ఆ దెబ్బకి గర్ర్ర్ర్ర్‌మని టీవీ మొత్తం తెల్లటి చుక్కల మంచు కురిసేది, అంకుల్ బేసిల్ అడ్డగీతలైపోయేవాడు, గర్ర్ర్ వెనకనే టక్కు చుష్, టక్కు చుష్ అని కప్పులు పొదుగులకి పట్టుకునే చప్పుడు, వంటింట్లోంచి అమ్మ అరుపు, "బూట్లు!" లేచి బూట్లు తొడుక్కుని ఆవుల్ని తోలడానికి పరిగెత్తేవాళ్ళు. ఒక్కరోజంటే ఒక్కరోజు నాన్న ఆలస్యం చెయ్యలేదు. ఆవులు గడియారం చూడవుగా, పొదుగు బరువెక్కితే గేటు దగ్గరికి వచ్చి నిలబడతాయి. కాస్త ఆగరాదా నాన్నా, ఒక్క ముక్క, అని తను ఒకసారి అడిగితే, "అట్లాగే, ఆవులకి చెప్పిరా పో" అన్నాడు నాన్న.

కాబట్టి బూర సంగతి ఎప్పటికీ తేలలేదు. తుమ్మితే వచ్చిందని హీథర్. అట్లా ఎట్లా వస్తుంది, వెనక నుంచే వచ్చి ఉంటుందని తను. ఎగువ గుట్ట మీది పిల్లలు అందరూ తన పక్షమే. బడిలో దాని మీద ఒక దెబ్బలాట కూడా జరిగింది, ఒకడి పన్ను ఊడింది, ఎట్లాగూ ఊడేదే అనుకో.

టక్ టక్ చుష్, టక్ టక్ చుష్. అరే, ఈ మిషను ఇప్పుడు అచ్చంగా పితుకుడు మిషనులాగే పలుకుతోంది. కాదు, ఒక దెబ్బ ఎక్కువ కొడుతోంది. పంపు బేరింగు అరిగిపోతే ఇట్లాగే తడబడుతుంది, ఎవరైనా విప్పి కాస్త నూనె పెట్టాలి దీనికి. బడి వార్షికోత్సవం నాడు పిల్లలు చేసిన చప్పుడు దీనికంటే ఎంతో నయం, ఒక్క దెబ్బ తప్పలేదు. టీచరమ్మ మిస్ ఆల్డ్రిడ్జ్ పట్నం నుంచి కొత్తగా వచ్చింది, పిల్లలందరికీ తెలిసిన పాట ఏదని అడిగి, వాంబట్ మావే ఖాయం చేసింది. పాట మీకు వచ్చుగా, నేర్పేదేముంది, ఊరికే వరసలో నిలబడండి చాలు అంది. ఊరి హాల్లో బల్లల మీద అమ్మలూ నాన్నలూ, తలలకి నీళ్ళు పెట్టి దువ్వుకుని. తనకి మూతల కర్ర ఇచ్చారు, చీపురు ఎక్కడికి పోయిందో అమ్మకి ఆ సాయంత్రమే తెలిసింది. దగ్గితే పోం, తుమ్మితే పోం, అంతా బ్రహ్మాండంగా సాగింది, ఆ బూర బయటికి ఎట్లా వచ్చిందంటే... అని గాలి పీల్చి, వేదిక మీద పాడివాళ్ళ పిల్లలందరూ ఒక్క గొంతుతో గర్ర్ర్ర్ర్‌మన్నారు. చేతులు పైకెత్తి వేళ్ళు ఆడిస్తూ మంచు కురిపించారు. చిన్నవాళ్ళు టక్కు చుష్, టక్కు చుష్. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అనుకోలేదు, ప్రతి ఇంట్లోనూ పాట అట్లాగే ముగిసేది కాబట్టి అదే పాట అనుకున్నారు అందరూ. మిస్ ఆల్డ్రిడ్జ్ పియానో మీద చేతులు పెట్టి అట్లాగే ఉండిపోయింది. బల్లల మీద నాన్నలు ఉలిక్కిపడ్డారు. కెల్విన్ నాన్న సగం లేచి టోపీ కోసం తడుముకున్నాడు, అమ్మ కోటు పట్టి లాగి కూర్చోబెట్టింది.

ఆ గర్ర్ర్ మధ్యలో ఒక్క పిల్ల మాత్రం పాడుతూనే ఉంది. చివర్న, రిబ్బన్లతో, నోరు ఇంత తెరిచి. రొట్టెల బట్టీవాళ్ళ అమ్మాయి. వాళ్ళకి ఆవుల్లేవు, పంపు లేదు, టీవీలో మంచు కురవదు, పాట మొత్తం విన్నది ఆ వేదిక మీద ఆ పిల్ల ఒక్కతే. నోరు కదలడం తనకి కనబడింది, ఒక్క ముక్క వినబడలేదు, పక్కనే ఉన్నా వినబడలేదు, ఎందుకంటే తను అందరికంటే గట్టిగా గర్ర్‌మంటున్నాడు. దిగాక ఆ పిల్ల మెట్ల దగ్గర పట్టుకుంది. "పాట పాడు చేశారు. దానికి చివర ఉంది తెలుసా?" "అదే చివర. మీ బజారువాళ్ళకేం తెలుసు" అన్నాడు. "పోనీ చెప్పమంటావా? దయచేసి అని అడుగు, చెప్తాను." అడగలేదు. పెద్దయ్యాక డాన్సుల రాత్రుల్లో అదే హాల్లో ఆమె చెయ్యి పట్టుకుని గిర్రున తిరిగాడు, అప్పుడూ అడగలేదు. తమ పెళ్ళి కేకు కోసేటప్పుడు ఆ పిల్లే, నోలీన్, చెవిలో, ఇంకా అడగలేదు నువ్వు, అని గుర్తుచేసింది. మొదట్లో ఏడాదికోసారైనా అనేది, పిల్లలు పుట్టాక తగ్గింది, ఈ మధ్య ఎప్పుడు అందో గుర్తు లేదు. అడగడం ఎంతసేపు, ఒక్క మాట, కానీ అడిగితే ఓడిపోయినట్టు, పైగా మీ బజారువాళ్ళకేం తెలుసు అన్నవాడు తనే. ఇప్పుడు అడిగితే ఇంకా ఘోరం, ఇన్నేళ్ళు లేనిది ఇవాళ ఎందుకొచ్చిందంటుంది, చెప్పాలి, చెవిలో అది మోగుతోందని చెప్పాలి, ఆమె మొహం అమ్మ మొహంలా అవుతుంది, గరిటె గట్టిగా పెడుతుంది. అడగకపోతేనో, వాంబట్ మావ బూరతోనే ఉంటాడు, తనూ వాంబట్ మావతోనే ఉంటాడు, ఎవరు ముందు పోతే వాళ్ళు పోవడమే. తనని పాతిపెట్టే రోజున పాదిరి ప్రార్థన చదువుతుంటే పెట్టెలోంచి పోం పోం పోం.

"కెల్విన్ గారూ, కాలు ఆడిస్తున్నారు."

అద్దంలో చూశాడు. గోధుమరంగు మేజోడు ఝల్లుఝల్లున తాళం వేస్తోంది. నల్లది బుద్ధిగా ఉంది.

"నేను కాదమ్మా" అన్నాడు.

"మరెవరు?" గొంతులో నవ్వు. "ఈ ఒక్కటీ మళ్ళీ తియ్యాలి. ఇంకొంచెంసేపు, బొమ్మలాగా ఉండండి."

బొమ్మలాగా ఉన్నాడు. కాలి బొటనవేలిని మనసుతో పట్టి నొక్కిపెట్టాడు, ఈనే ఆవు పక్కన రాత్రంతా నిలబడ్డవాడికి ఇదొక లెక్కా. మిషను మళ్ళీ టక్ టక్ చుష్‌మని వచ్చింది, ఆ ఒక్క దెబ్బ ఎక్కువతో, పాట ఆ దెబ్బ మీద అంటే... అని గాలి పీల్చి, దాదాపు, దాదాపు ఏదో అనబోయి, జారి మొదటికి వచ్చింది. కెల్విన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కన్నీళ్ళు తెచ్చుకుంటే ఆ ఫొటో కూడా పాడవుతుందేమోనని అవి కూడా ఆపాడు.

నోలీన్ బయట బండిలోనే కూర్చుని ఉంది, ఒళ్ళో కాగితం పొట్లం, అందులో మాంసం కూరిన రొట్టెలు రెండు. తను ఎక్కి కూర్చోగానే ఒకటి చేతిలో పెట్టింది. బూట్ల తాళ్ళు కట్టుకోకుండానే వచ్చేశాడు.

"ఏమన్నారు?"

"గురువారం డాక్టరు చెప్తాడట."

"నొప్పెట్టిందా?"

"ముక్కు దురద."

"గోక్కో ఇప్పుడైనా." తన రొట్టెని తిప్పి చూసింది. "ఈ పొర చూడు, అట్టముక్క. మా నాన్న గనక చూస్తే ఈ కొట్టుకి నిప్పెట్టేవాడు." అయినా తింది.

కెల్విన్ ముందద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. కంచె మీద మాగ్‌పై పిట్టలు రెండు. చెవిలో తుమ్మితే పోం.

"నోలీ."

"ఊఁ."

"ఆ బూర."

"ఏ బూర?"

"వాంబట్ మావ బూర. బయటికి ఎట్లా వచ్చింది?"

నోలీన్ నమలడం ఆపింది. తిరిగి అతన్ని చూసింది. ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని కెల్విన్‌కి తెలుసు. "మోత కాదది. ఆ పాటే. మంద పోయినప్పటినుంచీ. అక్కడిదాకా వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలు. పగలూ రాత్రీ. పెర్సీ తాతలాగా." ముందద్దంతోనే చెప్పాడు. పెళ్ళి ప్రమాణం తర్వాత ఒక్క ఊపులో అంత పొడుగు మాట్లాడింది ఇదే.

"మంద పోయినప్పటినుంచా."

"ఊఁ."

"నాతో చెప్పకుండా."

"ఊఁ."

పొట్లం మడిచి పక్కన పెట్టింది, వేళ్ళకంటిన గ్రేవీ తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. "దయచేసి అను."

"నోలీ..."

"అనవయ్యా. ఎన్నేళ్ళు చూశాను."

"దయచేసి."

ఆమె నోరు తెరిచింది. తెరిచి, మూసింది. నుదురు ముడిపడింది. పైకి చూసింది, కిందికి చూసింది, బండి తాళంచెవుల గుత్తి వైపు చూసింది. కెల్విన్ ఆమె మొహాన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు, పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయినదాని మొహం.

"నువ్వు అడుగుతావు అడుగుతావని చూసి చూసి," అంది మెల్లగా, "మర్చిపోయానయ్యా."

"మర్చిపోయావా."

"ఉండు, గాభరాపెట్టకు. మొదట్నుంచి అందుకుంటే అదే వస్తుంది." తాళంచెవుల గుత్తి ఊడబీకి మోకాలి మీద ఝల్లుఝల్లుమని కొడుతూ అందుకుంది, రొట్టెల బట్టీవాళ్ళ అమ్మాయి, కాస్త వణికే గొంతుతో. దగ్గితే పోం, తుమ్మితే పోం. పక్క బండిలోకి ఎక్కబోతున్న చంకకర్రలాయన ఒకడు ఆగి చూశాడు. పడుకుంటే పోం, లేస్తే పోం. చెవి లోపలి పాటా బయటి పాటా అడుగులో అడుగు వేసుకుని నడిచాయి. ఆ బూర బయటికి ఎట్లా వచ్చిందంటే... నోలీన్ గాలి పీల్చింది, వేలు పైకెత్తింది, కళ్ళు పెద్దవి చేసింది.

"గర్ర్ర్ర్ర్ర్!" అంది.

చేతులు వాటంతటవే లేచి మంచు కురిపించాయి. టక్కు చుష్, టక్కు చుష్, టక్కు చుష్. ఆమే బిత్తరపోయి తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చంకకర్రలాయన గబగబా బండెక్కి తలుపేసుకున్నాడు.

"ఛీ, ఇదేంటి నా నోట్లోంచి," అంటూనే నోలీన్‌కి నవ్వు తన్నుకొచ్చింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఒక జన్మంతా మీ కొట్టంలో పడున్నాను, ఇంకేమొస్తుంది మరి?"

కెల్విన్ నవ్వలేదు. వేలు ఎత్తి ఉండమన్నాడు. తల కొద్దిగా కుడివైపు వంచాడు. కంచె మీద మాగ్‌పై ఒకటి కూసింది. ఎక్కడో ఆసుపత్రి బండి చక్రం కిర్రుమంది. అట్టముక్క పొర ఒకటి ఆమె ఒళ్ళోంచి జారి కింద పడ్డ చప్పుడు కూడా వినబడింది. కుడి చెవిలో ఏమీ లేదు. నాన్న పంపు వేశాక టీవీ ముందు నేల మీద ఒక్క క్షణం అనిపించేదే, ఇక అయిపోయింది, లేవాలి అని, అదే.

"ఏమైంది?" నోలీన్ గుసగుసగా అడిగింది.

"వేశారు పంపు" అన్నాడు.

ఆమె అతని మొహం చూసింది, మెల్లగా కిందికి చూసింది, ఊడిన తాళ్ళ మీదికి, మేజోళ్ళ మీదికి, ఒకటి గోధుమరంగూ ఒకటి నలుపూ.

"బూట్లు!" అంది.

కెల్విన్ వంగి తాళ్ళు కట్టుకున్నాడు, చాలా నెమ్మదిగా, నిండా ఉన్న పాలబిందె మోసుకుపోయేవాడిలా, ఏదీ తొణక్కుండా.